లండన్ విత్తనం... జనగామ కుండీ

రాత్రి పది దాటితే జనగామలో ఆ వీధి సద్దుమణుగుతుంది. దూరంగా స్టేషన్‌లో ఏదో రైలు కూత వేసి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో వినిపించేది ఒక్కటే చప్పుడు... వంటింటి లైటు స్విచ్చిది. టక్. కాసేపటికి మళ్లీ టక్. గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసుకోవడానికి ఆ ఇంటి పెద్దావిడ రాత్రికి మూడుసార్లు లేస్తుంది.

అంతకుముందు ఈ లేవడాలు లేవు. ముప్పై ఎనిమిదేళ్లపాటు ఆ పని ఒక్క మాటతో అయిపోయేది. భర్త వీధి తలుపు గొళ్లెం పెట్టి వస్తూ ‘‘గ్యాస్ బంద్ చేసినవా?’’ అని అడిగేవాడు. ‘‘చేసిన’’ అనేది ఆమె. అంతే. ఇద్దరూ పడుకునేవారు. బడిపంతులుగా రిటైరైన ఆయన ఒక వేసవిలో కన్నుమూశాడు. ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేకపోయాక ఆమెకు జవాబు మీద నమ్మకం పోయింది. నిద్ర కూడా పోయింది.

ఏడాది గడిచింది. నిద్రమాత్ర వచ్చింది. పొద్దున లేస్తే తల బరువు. మాత్ర వేసుకోని రోజు తెల్లవారుజామున మూడింటి దాకా కళ్లు తెరుచుకునే ఉండేవి. లండన్‌లో ఉన్న కూతురికి ఇది తెలిసి, ఇండియా వస్తున్న స్నేహితురాలి చేత ఒక డబ్బా పంపింది. లావెండర్ టీ. లోపల ఇరవై చిన్న సంచులు. ‘‘అమ్మా, సాయంత్రం చాయ్ బంద్ చెయ్యి. రాత్రి తొమ్మిదింటికి ఇది తాగు. నేను అప్పుడే ఫోన్ చేస్త’’ అని చెప్పింది.

మొదటిరోజు కప్పు దగ్గరికి తీసుకోగానే ‘‘ఇదేందే, సబ్బు వాసనొస్తున్నది’’ అని మొహం తిప్పుకుంది పెద్దావిడ. నాలుగోరోజుకి అలవాటైంది. పదోరోజుకి కూతురితో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవులించింది. ఇరవై రోజులు... ఇరవై కప్పులు. వంటింటి స్విచ్చి మూడుసార్లు కాదు, ఒక్కసారే మోగింది. డబ్బా అయిపోయింది. కూతురికి ఆఫీసులో పనివేళలు మారాయి. పాత కథ మళ్లీ మొదలైంది.

‘‘ఆ చెట్టేదో మన దగ్గరనే పెంచుకుంటే అయిపోదా?’’ అనుకుంది ఆమె. కూతురు ఈసారి విత్తనాల పొట్లం పంపింది.

మూడు ఊళ్లు... మూడు కుండీలు

పెద్దావిడకు ఇద్దరు చెల్లెళ్లు. నడిపామె మహబూబాబాద్‌లో ఉంటుంది. ఇంట్లో ఇప్పటికీ ఆ ఊరిని మానుకోట అనే అంటారు. చిన్నామె భూపాలపల్లిలో, సింగరేణి క్వార్టర్‌లో ఉంటుంది. భర్తకు బొగ్గు గనిలో ఉద్యోగం. ఒకప్పుడు మూడు ఊళ్లూ వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో దసరా రోజున కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు అక్కచెల్లెళ్లు ముగ్గురూ మూడు జిల్లాల వాళ్లయిపోయారు. ‘‘తల్లిగారింట్ల పంచుకునేటందుకు ఏం మిగల్లేదు గనీ, జిల్లాలు మాత్రం తలా ఒకటొచ్చింది’’ అని నవ్వుకున్నారు అప్పట్లో.

విత్తనాల పొట్లాన్ని కూడా మూడు భాగాలు చేశారు. ఎక్కడో ఒకచోట బతక్కపోతుందా అని ఆశ.

పెద్దావిడ ప్లాస్టిక్ కుండీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపి విత్తనాలు చల్లింది. నెల గడిచినా ఒక్క మొలకా లేదు. రెండోసారి చల్లితే నాలుగు వచ్చాయి. వాటిని పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంది. రోజూ రెండుపూటలా నీళ్లు. బంతికి పోస్తే బాగుపడుతుంది, మల్లెకు పోస్తే బాగుపడుతుంది. దీనికి పోస్తే మాత్రం ఆకు పసుపు రంగుకి తిరిగింది. ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి నాలుగూ ఎండిపోయాయి.

నడిపామె ఇంకా గట్టి మట్టి వేద్దామని మిర్చి చేలోంచి నల్లరేగడి తెప్పించింది. మొక్కలు వేసవిని ఎలాగో నీడలో గట్టెక్కాయి. జూలైలో ముసురు పట్టింది. వారం రోజులు వాన వదల్లేదు. కుండీలో నీరు ఇంకలేదు. మొక్కను పట్టుకుని లాగితే వేరు నల్లగా కుళ్లి చేతిలోకి వచ్చేసింది. ‘‘అక్కా, నాది గూడ పోయింది’’ అని ఫోన్ చేసింది.

చిన్నామె బాల్కనీలో పెట్టింది. ఆమెకు ఓపిక తక్కువ. నీళ్లు పోయడం మర్చిపోయేది. వాన పడని మూల కుండీ. విచిత్రంగా ఆ నిర్లక్ష్యంలోనే ఒక మొక్క బతికింది. ఆకు నలిపితే సువాసన కూడా వచ్చింది. కానీ ఆకుల మీద రోజూ సన్నటి నల్లటి దుమ్ము. ఏడాది దాటినా పువ్వు లేదు. లావెండర్ టీకి కావాల్సింది ఆ పువ్వే కదా!

ముగ్గురికీ ఒకటే అనుమానం... మన చెయ్యి మంచిది కాదా?

తప్పు చేతిది కాదు

సమాధానం నడిపామె కొడుకు చెప్పాడు. వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాడు. ‘‘పెద్దమ్మా, మీరు దానికి ప్రేమ ఎక్కువ చేసిండ్రు. దానికి ప్రేమొద్దు, చలి గావాలె’’ అన్నాడు.

లావెండర్ పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ఉండే రాతి కొండలు. అక్కడ మట్టి పలచన, సున్నం ఎక్కువ. వాన పడినా నీరు నిలవదు. వేసవి పొడిగా ఉంటుంది, చలికాలం గట్టిగా ఉంటుంది. టీకి వాడే అసలు రకాన్ని ఇంగ్లిష్ లావెండర్ అంటారు. శీతాకాలంలో కొన్ని వారాలపాటు బాగా చలి తగిలితేనే అది సరిగా పూతకొస్తుంది. విత్తనానికి కూడా అంతే. తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే చలికాలం గడిచిందనుకుని మొలకెత్తుతుంది. లేదంటే మొండికేస్తుంది.

మరి మన దేశంలో పండదా అంటే... బ్రహ్మాండంగా పండుతోంది. కాకపోతే జమ్మూకశ్మీర్‌లో. దోడా జిల్లాలోని భదర్వా లోయ సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. చలికాలంలో మంచు కురుస్తుంది. ఒకప్పుడు అక్కడి రైతులు ఎక్కువగా మొక్కజొన్న వేసేవారు. జమ్మూలో ఉన్న సీఎస్ఐఆర్ పరిశోధన సంస్థ ‘అరోమా మిషన్’ కింద వాళ్లకు లావెండర్ నారు ఇచ్చి, నూనె తీయడం నేర్పింది. కొండవాలు చేలు ఊదారంగుకి మారాయి. దానికి ‘పర్పుల్ రెవల్యూషన్’ అని పేరొచ్చింది. 2022 మేలో భదర్వాలో లావెండర్ ఉత్సవం జరిపారు. 2024 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో సీఎస్ఐఆర్ శకటం మీద కూడా ఈ పంటే కనిపించింది.

భదర్వా ఎక్కడ... మే నెలలో 45 డిగ్రీల దాకా ఉడికిపోయే మన ఊళ్లెక్కడ! ఎండ ఒక్కటే అయితే నీడ పట్టొచ్చు. ఎండ తర్వాత వెంటనే వచ్చే ముసురు, గాలిలో తేమ, రాత్రిపూట కూడా తగ్గని ఉక్క... ఇవి కలిసి దాన్ని చంపేస్తాయి.

అయినా సరే పెంచి చూడాలనుకునే వాళ్లకు దారి లేకపోలేదు. అక్టోబరు, నవంబరులో మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ కాదు, మట్టి కుండీ కావాలి. మట్టిలో సగం దాకా ముతక ఇసుక, చిన్న కంకర కలపాలి. అడుగున రంధ్రం పెద్దగా ఉండాలి. పైమట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు. చలికాలమంతా పూర్తి ఎండ, మార్చి నుంచి మధ్యాహ్నపు నీడ, వానాకాలంలో చూరు కిందికి. ఇంత చేసినా దాన్ని చలికాలపు అతిథి అనుకోవాలే తప్ప ఇంటి మనిషి అనుకోకూడదు.

నర్సరీలో కొనేటప్పుడు ఇంకో మెలిక ఉంది. లావెండర్ పేరుతో అమ్మేవన్నీ టీకి పనికొచ్చేవి కావు. ఆకు అంచులు రంపంలా ఉండేవి, ఆకు చీలికలు చీలికలుగా ఉండేవి అందానికి పెంచుకునే రకాలు. కొన్నిట్లో కర్పూరం వాసన ఘాటుగా ఉంటుంది. పైగా అందం కోసం పెంచిన మొక్కల మీద పురుగుమందులు కొట్టి ఉండొచ్చు. వాటి పువ్వు తెంపి కప్పులో వేయడం మంచిది కాదు. అంతకన్నా ముఖ్యం... సీసాల్లో అమ్మే లావెండర్ నూనెను టీలో కలపకూడదు. అది వాసనకు, పై పూతకు. తాగడానికి కాదు.

కప్పులో ఉన్నదేంటి?

మొక్క సంగతి తేలింది. మరి నిద్ర సంగతి? పెద్దావిడను చిన్నామె భర్త హన్మకొండలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె లావెండర్ టీ గురించి, ఇరవై రోజుల గురించి పూసగుచ్చినట్టు చెప్పింది. డాక్టరు అంతా విని ఒక ప్రశ్న వేశాడు.

‘‘ఆ ఇరవై రోజులు సాయంత్రం చాయ్ తాగినవా అమ్మా?’’

తాగలేదు. కూతురు వద్దంది కదా.

‘‘ఇప్పుడు?’’

ఇప్పుడు ఆరింటికి ఒకటి, పక్కింటావిడ వస్తే ఏడున్నరకి ఇంకోటి.

చాయ్‌లో ఉండే కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. వయసు మీద పడ్డవాళ్లకు నిద్ర ముందే పలచన. అలాంటప్పుడు ఏడున్నర చాయ్ అర్ధరాత్రి దాకా కాపలా కాస్తుంది. డాక్టరు నాలుగు మాటలు చెప్పాడు. సాయంత్రం నాలుగు దాటాక చాయ్ వద్దు. మధ్యాహ్నం రెండు గంటలు పడుకోవడం మానెయ్యాలి. రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా పొద్దున లేచే వేళ మారకూడదు. మాత్ర మాత్రం ఉన్నపళంగా ఆపొద్దు, తాను చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

‘‘మరి ఆ టీ పనిచేసినట్టా, చెయ్యనట్టా?’’ అని ఆమె నిలదీసింది.

నిజానికి దీనికి శాస్త్రం కూడా ఆచితూచే జవాబిస్తుంది. తైవాన్‌లో నిద్ర సరిగా లేని 80 మంది బాలింతల మీద చేసిన అధ్యయనం ఒకటి 2015లో వెలువడింది. సగం మందికి రెండు వారాలపాటు రోజూ ఒక కప్పు లావెండర్ టీ ఇచ్చారు. ముందు వాసన చూసి ఆస్వాదించి, ఆ తర్వాత తాగమన్నారు. రెండు వారాలకు వాళ్లలో అలసట, దిగులు కొంత తగ్గినట్టు కనిపించింది. నాలుగో వారానికి చూస్తే, తాగినవాళ్లకూ తాగనివాళ్లకూ పెద్ద తేడా లేదు. అంటే కప్పులో ఏదో ఉంది. కానీ మంత్రం లేదు.

జనగామ ఇంట్లో ఆ ఇరవై రోజులు మూడు పనులు ఒకేసారి జరిగాయి. సాయంత్రం చాయ్ ఆగింది. వేడివేడిగా, సువాసనగా ఒక కప్పు వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి మాట్లాడే మనిషి దొరికింది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం ఎవరితరం కాదు.

పోపులపెట్టెలోనే ఉంది!

కానీ ఆ కుర్రాడు చెప్పిన ఒక సంగతికి పెద్దావిడ నోరు తెరిచింది. లావెండర్‌కు ఆ సువాసన ఇచ్చే ముఖ్యమైన పదార్థాల్లో ఒకదాని పేరు లినలూల్. అదే లినలూల్ ఇంకో గింజలో దండిగా ఉంది. ఆ గింజ నుంచి తీసే నూనెలో సగానికి పైగా అదే. ఆ గింజ ఏదో కాదు... ధనియాలు!

‘‘ధనియాలా? గవి నా పోపులపెట్టెల ఉండంగ లండన్ నుంచి ఎందుకు తెప్పిచ్చినమే?’’

లినలూల్ ఉంది కదా అని ధనియాల కషాయం తాగగానే నిద్ర ముంచుకొస్తుందని కాదు. రెండిటి రుచీ వేరు, మిగతా గుణాలూ వేరు. కానీ పొద్దుపోయాక ఒక వేడి కప్పు కావాలనుకున్నప్పుడు దానికోసం సముద్రాలు దాటాల్సిన పనిలేదని మాత్రం తేలిపోయింది. చిన్నప్పుడు అజీర్తి చేస్తే వాళ్లవ్వ కాచి ఇచ్చిన కషాయమే అది. చెంచా ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, కప్పున్నర నీళ్లలో వేసి, కప్పు అయ్యేదాకా మరిగించాలి. వడకట్టి, కావాలంటే చిటికెడు బెల్లం.

కుండీలో ధనియాలు పెంచడం అక్క చేతికి వెంటనే పట్టుబడింది. గింజను రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి, దీపావళి తర్వాత చల్లాలి. నెల, నలభై రోజులకు కొత్తిమీర. కొన్ని మొక్కల్ని కోయకుండా వదిలేస్తే తెల్లటి పూలు, మొత్తం మూడు నెలలు దాటేసరికి గింజ. ఆ పచ్చి గింజ నలిపితే వచ్చే వాసన కొట్లో కొన్నదానికి ఎక్కడిది!

మానుకోటలో నడిపామె నిమ్మగడ్డి వేసింది. పక్కింటి దుబ్బులోంచి వేరుతో సహా రెండు పిలకలు తెచ్చుకుంది. లావెండర్‌ను కుళ్లబెట్టిన వానే దీన్ని గుబురుగా పెంచింది. మూడు నాలుగు నెలలకు కోత మొదలు. నేలకు నాలుగైదు అంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఆకు అంచు చెయ్యి కోస్తుంది కాబట్టి కత్తెరతోనే కోయాలి. రెండు ఆకుల్ని ముక్కలు చేసి అయిదు నిమిషాలు మరిగిస్తే చాలు. నిమ్మపండు లేకుండానే నిమ్మ వాసన. దానికి కారణం సిట్రాల్ అనే పదార్థం. నిమ్మగడ్డి నుంచి తీసే నూనెకు సబ్బుల్లో, అత్తర్లలో గిరాకీ ఉంది. లక్నోలోని సీమ్యాప్ సంస్థ ఇలాంటి సుగంధ మొక్కల మీదే పనిచేస్తుంది. దానికి హైదరాబాద్ బోడుప్పల్‌లోనూ ఒక పరిశోధన కేంద్రం ఉంది.

భూపాలపల్లి చిన్నామెది తులసి, పుదీనా. అక్కడ ఒక పట్టింపు వచ్చింది. కోటలో తులసిని ఎప్పుడు పడితే అప్పుడు తెంపడానికి ఆమె అత్తమ్మ ఒప్పుకోలేదు. ‘‘కోటల ఉన్నది దేవునిది. చాయ్‌కు వేరే పెట్టుకో బిడ్డా’’ అంది. ఇప్పుడు తులసి రెండు చోట్ల ఉంది. కోటలోది పూజకు, బాల్కనీలోది కప్పుకు. బొగ్గు దుమ్ము ఉంటుంది కాబట్టి ఆకుల్ని రెండుసార్లు కడగందే గిన్నెలో వేయదు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇంటికొచ్చే భర్తకు చాయ్ బదులు ఇప్పుడు అదే ఇస్తోంది. రాత్రంతా గనిలో ఉండి వచ్చిన మనిషికి నిద్రవేళ అంటే పొద్దుటి ఎనిమిది కదా!

ఇక పిల్లలకు లావెండర్ రంగు చూపించాలంటే దానికీ దారుంది. దడి మీద పాకే శంఖపుష్పాలు నాలుగు వేడి నీళ్లలో వేస్తే కప్పు నీలం అవుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే కళ్లముందే ఊదారంగుకి తిరుగుతుంది.

ఒక్కమాట. ఇవన్నీ వంటింటి మొక్కలే అయినా గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు కషాయాల్ని అలవాటు చేసుకునే ముందు డాక్టరును అడగాలి. రోజుకు ఒకటి రెండు కప్పులు చాలు. నిద్ర నెలల తరబడి పట్టకపోతే కుండీ వైపు కాదు, ఆసుపత్రి వైపు నడవాలి.

తొమ్మిది గంటల ఫోను

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ముగ్గురి ఫోన్లూ కలుస్తాయి. జనగామలో ధనియాలు, మానుకోటలో నిమ్మగడ్డి, భూపాలపల్లిలో తులసి, పుదీనా. చెప్పుకునేవి పెద్ద విషయాలేం కాదు. మిర్చి రేటు, కోడలి మాట, మోకాళ్ల నొప్పి. కూతురు వీలైనప్పుడు లండన్ నుంచి వచ్చి చేరుతుంది. అరగంట.

పెద్దావిడ మాత్ర సగానికి తగ్గింది. అన్ని రాత్రులూ ఒకేలా ఉండవు. పండుగలొచ్చినప్పుడు, ఆయన పోయిన నెల దగ్గర పడ్డప్పుడు వంటింటి స్విచ్చి మళ్లీ మోగుతుంది. మిగతా రోజుల్లో మోగదు.

భూపాలపల్లి బాల్కనీలో ఆ ఒక్క లావెండర్ ఇంకా ఉంది. పూయలేదు. తీసేసి ఆ కుండీలో ఇంకొంచెం పుదీనా వేస్తానంది చిన్నామె. ‘‘ఉండనియ్యే. బిడ్డ పంపింది గద’’ అంది అక్క.

తొమ్మిదిన్నర అయింది. కప్పులు ఖాళీ అయ్యాయి. నడిపామె ముందు పెట్టేసింది. చిన్నామె మాత్రం ఫోన్ పెట్టే ముందు ఒక మాట అడుగుతుంది. ఎవరూ చెప్పకుండానే అలవాటు చేసుకున్న మాట.

‘‘అక్కా, గ్యాస్ బంద్ చేసినవా?’’

‘‘చేసిన.’’